పెనుకొండ చీకట్లో కలివికోడి కోసం

హిందూపురం అనగానే ఎవరికైనా ముందు చింతపండు జ్ఞాపకం వస్తుంది, తర్వాత బెల్లం. పెనుకొండ అంటే విజయనగర రాజుల కోట. ఇక ధర్మవరం సంగతి చెప్పనక్కర లేదు. ఆ పేరు వినగానే ఇంట్లో ఆడవాళ్ళ ముఖాలు వికసిస్తాయి, మగవాళ్ళ చేతులు జేబులు తడుముకుంటాయి.

బెంగుళూరు నుంచి గుంతకల్లు వైపు పోయే రైల్లో కూర్చుంటే ఈ మూడు ఊళ్ళూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కిటికీలోంచి చూస్తే బండరాళ్ళ గుట్టలు, ముళ్ళ పొదలు, వేరుశనగ చేలు, అక్కడొకటి ఇక్కడొకటి గొర్రెల మంద. “ఏముందండీ చూడడానికి? అంతా బీడు!” అని ఎదుటి బెంచీ మీది పెద్దమనిషి ఆవులించి దుప్పటి కప్పుకుంటాడు. ఆయన్ని తప్పు పట్టలేము. ప్రభుత్వం వారి లెక్కల్లో కూడా ఇలాంటి ముళ్ళ కంపల నేల చాలావరకు బంజరు కిందనే జమ.

కాని ఈ బంజరును వెతుక్కుంటూ సీమల నుంచి శాస్త్రజ్ఞులు వచ్చిన రోజులున్నాయి. వారు వెతికింది బంగారం కాదు, వజ్రాలూ కాదు. జానెడుకు కాస్త మించిన పొడవుండే ఒక పిట్టను. దాని పేరు కలివికోడి. ప్రపంచం మొత్తం మీద మన తెలుగు గడ్డనే నమ్ముకొని బతుకుతున్న పక్షి అది. ఇంగ్లీషు వారు దాన్ని జెర్డాన్స్ కోర్సర్ అన్నారు. మన పల్లెల వాళ్ళు మాత్రం అది కలివి పొదల నీడన తిరుగుతుంది గనుక కలివికోడి అన్నారు. రెండు పేర్లలో ఏది బాగుందో పాఠకులే చెప్పాలి.

ఎవరీ కలివికోడి?

పేరులో కోడి వున్నా ఇది కోడి జాతిది కాదు. ఎగరగలదు గాని నేల మీద పరుగెత్తడమే దీనికి ఇష్టం. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. సన్నని పొడుగాటి కాళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు, కంటి పైన తెల్లని పట్టె, మెడ కింద రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. రెండు పేటల హారం వేసుకున్నట్లుంటుంది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిను పేరుకు కూడా రెండు హారాలది అనే అర్థం. పగలంతా పొదల చాటున కదలకుండా కూర్చుంటుంది. చీకటి పడ్డాక బయటికి వచ్చి చెదలు, చీమలు ఏరుకు తింటుంది. మట్టి రంగు ఒళ్ళు, రాత్రి సంచారం, మితమైన మాట. ఇన్ని సుగుణాలున్న జీవిని కనిపెట్టడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

మద్రాసు సైన్యంలో వైద్యుడుగా వున్న థామస్ జెర్డాన్ దీన్ని మొదట సేకరించాడు. 1848లో దీనికి శాస్త్రీయంగా నామకరణం జరిగింది. తరువాత బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూశాడు. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన పెన్న లోయలో, అనంతపురం దగ్గర చూశాడు. అంతే! ఆ తరువాత ఎవ్వరికీ కనిపించలేదు. ఏడాది కాదు, పదేళ్ళు కాదు, 86 ఏళ్ళు. పుస్తకాలు రాసేవారు దీన్ని అంతరించిన జాతుల్లో కలిపేయడానికి కలం పట్టుకొని కూర్చున్నారు.

1980 దశకంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మళ్ళీ గాలింపు మొదలుపెట్టారు. ఆ పనికి వచ్చిన భరత్ భూషణ్ పుస్తకాలను పక్కన పెట్టి పల్లె జనం దగ్గరకు వెళ్ళాడు. బొమ్మలు చూపించి, “ఈ పిట్టను ఎప్పుడైనా చూశారా?” అని అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర స్థానికుడొకడు రాత్రిపూట లైటు వెలుగులో ఒక పిట్టను పట్టి తెచ్చాడు. అదే కలివికోడి! పండితులు పోయిందనుకున్న పక్షిని పల్లెటూరి మనిషి చేత్తో పట్టుకొచ్చాడు. పాపం, ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. అయితేనేం, జాతి బతికే వున్నదన్న వార్త ప్రపంచమంతా పాకింది. పక్షి శాస్త్ర పితామహుడు సాలిం ఆలీ తన చివరి రోజుల్లో ఆ శుభవార్త విన్నాడు. 1988లో మన తపాలా శాఖ కలివికోడి బొమ్మతో బిళ్ళ వేసింది. లంకమల కొండల్లో దాని కోసం అభయారణ్యం ఏర్పడింది.

పటం మీద రెండు చుక్కలు

“ఇదంతా కడప సంగతి కదా, హిందూపురానికీ దీనికీ ఏమిటి సంబంధం?” అని మీరు అడగవచ్చు. అక్కడికే వస్తున్నాను.

స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం వారి మ్యూజియంలో పాత గుడ్ల సేకరణ ఒకటి వుంది. అందులో ఎవరూ పట్టించుకోకుండా పడివున్న ఒక గుడ్డు మీద ఈ శతాబ్దంలో అక్కడివారి దృష్టి పడింది. 1917లో మీటన్ అనే పశువైద్యుడు మన పక్కనే వున్న కోలారు ప్రాంతంలో దాన్ని సేకరించాడు. గుడ్డు నుంచి అణుమాత్రం పదార్థం తీసి, మ్యూజియంలో భద్రపరచిన పాత కలివికోడి చర్మంతో పోల్చి పరీక్షించారు. రెండూ ఒక్కటే అని తేలింది. ప్రపంచంలో శాస్త్రానికి తెలిసిన కలివికోడి గుడ్డు అదొక్కటే.

ఇప్పుడు ఇంట్లో పిల్లల అట్లాసు తెరవండి. అనంతపురం దగ్గర ఒక చుక్క పెట్టండి, అది 1900. కోలారు దగ్గర ఒక చుక్క పెట్టండి, అది 1917. రెండింటినీ కలుపుతూ గీత గీయండి. ఆ గీతకు అటూ ఇటూ ఏ ఊళ్ళున్నాయో చూడండి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం! అటు చివరా ఇటు చివరా వున్న పక్షి మధ్యలో మాత్రం లేకుండా పోతుందా? అవే గుట్టలు, అదే ఎర్ర నేల, అవే కలివి, రేగు, తుమ్మ పొదలు. ఈ మూడు ఊళ్ళలో కలివికోడిని చూసినట్లు నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా రాసి లేదు. కాని రాయనంత మాత్రాన లేదని ఎవరు చెప్పగలరు? ఈ ఒక్క ప్రశ్నే నన్నూ, నా మిత్రుణ్ణీ ఆ చలికాలం హిందూపురం రైలెక్కించింది.

కంటితో కాకపోతే చెవితో

కనిపించని జంతువును వెతకడం ఎలా? ఈ విద్యలో ఆరితేరినవారు కెనడా దేశపు పడమటి తీరాన వున్నారు. అక్కడి సముద్రంలో ఓర్కా అనే నలుపు తెలుపు తిమింగలాలు తిరుగుతాయి. నిజానికి ఓర్కా డాల్ఫిన్ల కుటుంబానిది. అది సముద్రంలో ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో దానికే తెలియాలి. ఒడ్డున వుండే జనం కిటికీ దగ్గర, దీపస్తంభం దగ్గర నిలబడి చూస్తుంటారు. నల్లని రెక్క నీళ్ళ పైకి రాగానే పక్క ఊరికి కబురు చెబుతారు. మైకేల్ బిగ్ అనే ఆయన 1970 దశకంలో ఆ రెక్కల ఫోటోలు తీసి, గంట్లను బట్టి, మచ్చలను బట్టి ఒక్కొక్క జంతువునూ గుర్తుపట్టడం నేర్పాడు. పాల్ స్పాంగ్ 1970లో హాన్సన్ ద్వీపంలో మకాం పెట్టి, నీళ్ళ అడుగున శబ్దాలు పట్టే యంత్రాలు దింపి, రాత్రింబవళ్ళు వినడం మొదలుపెట్టాడు. నీళ్ళలో ధ్వని గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. చూపు ఆగిపోయిన చోటికి చెవి వెళ్ళగలదు. జాన్ ఫోర్డ్ అనే శాస్త్రజ్ఞుడు అలా విని విని, ఓర్కాల్లో ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క యాస వుందని కనిపెట్టాడు. చిత్తూరు మాట వేరు, శ్రీకాకుళం మాట వేరు అయినట్లే నన్నమాట!

సముద్రంలో నీరు ఎలాంటిదో కలివికోడికి చీకటి అలాంటిది. అందుకే కడప అడవుల్లో కూడా కన్ను, చెవి రెండూ పనిచేయవలసి వచ్చింది. 2000 తరువాత జగన్నాథన్ మొదలైన పరిశోధకులు అక్కడ చేసిన పని విన్నకొద్దీ ముచ్చట వేస్తుంది. పొదల మధ్య సన్నని మట్టి పరచి, ముగ్గు వేసే వాకిలిలాగా చదును చేసేవారు. తెల్లవారి చూస్తే రాత్రి ఎవరు నడిచారో అడుగుల జాడలు చెప్పేవి. కలివికోడి పాదానికి మూడు వేళ్ళే. జాడ దొరికిన చోట తనంతట తానే ఫోటో తీసే కెమెరా అమర్చేవారు. అన్నిటికంటే పెద్ద సంగతి, దాని కూతను మొదటిసారి రికార్డు చేశారు. 2004లో ఆ వివరాలు అచ్చయ్యాయి.

ఆ కూత రెండు ముక్కల కూత. “ట్విక్‌టూ… ట్విక్‌టూ…” అన్నట్లు వుంటుంది. సూర్యుడు అస్తమించిన తరువాత సుమారు ముప్పావు గంటకు మొదలవుతుంది. కొద్ది నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు. తరువాత నిశ్శబ్దం. ఆ కాస్త సేపూ వినగలిగితే విన్నట్లు, లేకపోతే మళ్ళీ మర్నాటి సాయంత్రమే.

హిందూపురం, లేపాక్షి

హిందూపురంలో దిగి టిఫిను ముగించుకొని లేపాక్షి బస్సెక్కాము. పదిహేను కిలోమీటర్లు. పక్షిని వెతకబోతూ లేపాక్షికి మొక్కకుండా వెళ్ళడం మర్యాద కాదు గదా! రావణుడితో పోరాడి రెక్కలు తెగి పడిపోయిన జటాయువును చూసి శ్రీరామచంద్రుడు “లే పక్షీ!” అన్నాడనీ, అదే ఊరి పేరయిందనీ ఐతిహ్యం. వీరభద్రస్వామి గుడిని పదహారో శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలపు అధికారి విరూపణ్ణ కట్టించాడంటారు. ఆయన ఉద్యోగం పెనుకొండలోనే. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసేవాళ్ళు, కప్పు మీది చిత్రాలు చూస్తూ మెడలు పట్టేసినవాళ్ళు, నందికి ఎదురుగా ఫోటోలు దిగేవాళ్ళు, అంతా తిరునాళ్ళలాగా వుంది. పడిపోయిన పక్షిని లేపి నిలబెట్టాలని కోరిన మాటే ఒక ఊరికి పేరుగా వున్న దేశం మనది.

ఈ ప్రాంతం వారికి పక్షులంటే పురాణం మాత్రమే అనుకోకండి. హిందూపురానికి కొద్ది దూరంలో చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే పల్లె వుంది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పసుపుపచ్చని ముక్కులు, గులాబి రంగు ఈకలు వున్న పెద్ద కొంగలు అక్కడికి వస్తాయి. ఊరి నడుమ చింతచెట్ల మీదనే గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకొని, ఆగస్టు నాటికి వెళ్ళిపోతాయి. పురిటికి వచ్చిన ఆడపిల్లల్ని చూసినట్లు చూస్తారు ఊరి జనం వాటిని. ఏ యేడు ఎప్పుడు వచ్చాయి, ఏ చెట్టు మీద దిగాయి, వానలు లేని యేడు ఎన్ని తగ్గాయి, ఇవన్నీ అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళ నోటిలెక్కలో వుంటాయి. కెనడా తీరాన కిటికీలోంచి రెక్కలు లెక్కపెట్టే వాళ్ళకూ, వీరాపురం అరుగుల మీది వాళ్ళకూ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

పెన్నానది ఈ హిందూపురం దగ్గరే మన రాష్ట్రంలో అడుగు పెడుతుంది. నంది కొండల్లో పుట్టి ఉత్తరంగా నడచి, అనంతపురం సీమ చుట్టి, గండికోట చీల్చుకొని, సిద్ధవటం దాటి నెల్లూరు చేరుతుంది. ధర్మవరం పక్కన పారే చిత్రావతి కూడా చివరకు దీనిలోనే కలుస్తుంది. పారుతుంది అన్నాను గాని, ఏడాదిలో చాలా రోజులు పారేది ఇసుకే. ఒక్క మాట గమనించండి. 1900లో కలివికోడి కనిపించింది ఈ పెన్న లోయలోనే, 1986లో మళ్ళీ దొరికింది కూడా ఈ పెన్నకు దగ్గర కొండల కిందనే. నది ఒక దారం అయితే ఈ చుక్కలన్నీ దానికి గుచ్చిన పూసలు.

పెనుకొండ కింద ఒక సాయంత్రం

పెనుకొండ అంటే పెద్ద కొండ. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత హంపీ పాడయితే విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. గగన్‌మహల్, షేర్‌ఖాన్ మసీదు, జైనుల పార్శ్వనాథాలయం, బాబయ్య దర్గా, చూడదలచుకుంటే ఒక రోజు చాలదు. అవతల ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం. 2019లో మొదటి కారు బయటికి వచ్చింది. రాజుల కోట చీకట్లో వుంటే కార్ల కోట దీపాలతో వెలిగిపోతూ వుంటుంది.

పొద్దు వాలేవేళకు మేము కొండకు దూరంగా, ఊరి పొలిమేర దాటి, కంప చెట్ల మధ్య ఒక చదును రాతి మీద కూర్చున్నాము. మిత్రుడు గడియారం చూసి సూర్యాస్తమయం రాసుకున్నాడు. మా దగ్గర వున్న సరంజామా ఒక నోటు పుస్తకం, చిన్న రికార్డరు, కలివికోడి బొమ్మ, ఒక ఫ్లాస్కు కాఫీ.

గొర్రెల్ని ఇంటికి తోలుకుపోతున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి ఆగాడు.

“ఏం సామీ, పొద్దు మునిగే యాళకు ఈడ కూచున్యారు? బస్సు దాటిపోయెనా?”

“లేదు తాతా. పిట్ట కూత విందామని వచ్చాము.”

“పిట్ట కూతకా!” ఆయన కర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు. “మా ఊర్లో పిట్టలు కూసేది వినేదానికి అంత దూరం నుంచి రావల్లనా?”

బొమ్మ చూపించాము. సెల్లు లైటు వేసి చాలాసేపు చూశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

“తీతువు గాదు. కౌజు గాదు. పూరేడు అసలే గాదు. దీన్ని నేను చూళ్ళేదు సామీ. చూసినానంటే మీకు సంతోషమైతాది గాని, అబద్ధం చెప్పి నేను బాగుపడేదేముంది?”

పేరేమిటని అడిగాడు. కలివికోడి అని చెప్పగానే ముఖంలో వెలుగు వచ్చింది.

“కలివి పండ్లంటే తెలుసు! చిన్నప్పుడు తిని తిని నోళ్ళు నల్లగా చేసుకుంటా వుంటిమి. ఈ గుట్ట కిందంతా కలివే. మా నాయన కాలంలో గొర్రెలు ఆ పొదల నడాన దూరి పోతాండె. ఇప్పుడేముంది? సగం బుడ్డల చేన్లు, సగం ప్లాట్లు. మీ కోడి యాడుంటాది, చెప్పు?”

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆయన మంద వెంట పోతూ మళ్ళీ వెనక్కి తిరిగి, “రేపటి నుంచి నేనూ ఇంటా వుంటాలే సామీ, ఎట్ల కూస్తాదో చెప్పిపో” అన్నాడు. మిత్రుడు “ట్విక్‌టూ” అని కూసి చూపించాడు. గొర్రెల్లో రెండు తల తిప్పి చూశాయి.

చీకటి పడింది. మొదట తీతువు పిట్ట అరచుకుంటూ తల మీదుగా పోయింది. తరువాత నెమలి. గుడ్లగూబలు రెండు కసురుకున్నాయి. నేల మీద కూర్చొని రాయి మీద రాయి కొట్టినట్లు కూసే రాత్రి పిట్ట ఒకటి మొదలుపెట్టి, చివర గలగలమని ముగించింది. ఇరవై నిమిషాలు, ముప్పై, నలభై. ముప్పావు గంట దాటింది. ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాము. అప్పుడు గూడ్సు బండి వచ్చింది. దాని రొద తగ్గేసరికి జాతీయ రహదారి మీది లారీల మోత. అది కాస్త సద్దుమణిగితే ఎక్కడో బోరుబావి మోటారు. ఆ మోతల మధ్య సందులు వెతుక్కొని విన్నాము. గంట గడిచింది. గంటంబావు గడిచింది. రెండు ముక్కల కూత వినిపించలేదు.

మిత్రుడు నోటు పుస్తకంలో తారీఖు, స్థలం, వేళ రాసి, ఎదురుగా “వినిపించలేదు” అని రాశాడు. ఆ మాట కూడా విలువైనదే సుమండీ. ఓర్కాలను వెతికేవారు కూడా రోజుల తరబడి ఉత్త నీటి చప్పుడే వింటారు. ఒక్క సాయంత్రం వినిపించకపోతే పక్షి లేదని కాదు. వంద సాయంత్రాలు, వంద చోట్ల, ఓర్పుగా విన్న తరువాత గాని లేదన్న మాట అనడానికి వీలు లేదు. ఇప్పుడు ఆ ఓర్పుకు యంత్రాలు వచ్చాయి. అరచేతిలో పట్టే పెట్టె ఒకటి చెట్టుకు కట్టి వస్తే, చెప్పిన వేళకు తనే మేలుకొని రికార్డు చేసి మళ్ళీ నిద్రపోతుంది. నెల తరువాత తెచ్చి కంప్యూటరుకు అప్పగిస్తే, ఆ గంటల శబ్దంలో మన కూత ఎక్కడుందో గాలించి పెడుతుంది. అయినా చివరకు ఒక మనిషి చెవి పెట్టి “అవును, అదే” అనవలసిందే.

ధర్మవరం మగ్గాల మధ్య

మర్నాడు ధర్మవరం. స్టేషను పెద్ద జంక్షను. గుంతకల్లు దారి, బెంగుళూరు దారి, కదిరి మీదుగా పాకాల పోయే దారి ఇక్కడ కలుస్తాయి. వీధుల్లోకి అడుగు పెడితే మగ్గాల చప్పుడు. మా ఆతిథ్యమిచ్చిన నేతకారు గృహస్థు మాటల్లో ఒక విశేషం చెప్పాడు. పక్క గదిలో కూర్చున్నా సరే, మగ్గం చప్పుడు విని ఎవరు నేస్తున్నారో చెప్పగలడట. పోగు తెగిందా, చేయి తడబడిందా, అంతా చెవికి తెలుస్తుందట. “విని విని అలవాటైంది, అంతే” అన్నాడు. ఓర్కాల యాసలు విడదీసిన శాస్త్రజ్ఞుడు కూడా బహుశా అంతకంటే వేరే మాట చెప్పడు.

ఊరి బయటకు వెళితే రామగిరి వైపు కొండల మీద గాలిమరలు తిరుగుతూ కనిపిస్తాయి. కదిరి అవతల నంబులపూలకుంటలో ఎండను కరెంటుగా మార్చే పలకలు ఎకరాలకు ఎకరాలు పరచుకున్నాయి. అంతకు ముందే, ఇరవయ్యో శతాబ్దంలో, వేరుశనగ ఈ జిల్లాను ఆక్రమించింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా కురవని సీమ ఇది. రైతు బతకడానికి ఏది దొరికితే అది చేశాడు. అతన్ని అనడానికి మనమెవరం? అయితే ఒక్కొక్క అవసరం వచ్చినప్పుడల్లా ముందు కత్తి పడేది ముళ్ళ పొదల మీదనే. ఎందుకంటే అవి బంజరు కదా!

కలివికోడికి కావలసింది దట్టమైన అడవి కాదు, బోడి మైదానం కాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి చోటుండాలి. హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల దాకా పెద్ద పొదలున్న చోటు దానికి ఇష్టమని కడప పరిశోధనల్లో తేలింది. మితంగా గొర్రెలు, మేకలు మేసినా దానికి కష్టం లేదు. మేత వల్లనే పొదల మధ్య బాటలు మిగులుతాయి. నాగలి, బుల్‌డోజరు మాత్రం కూడదు. కాపరి తాతతో కలిసి బతకగల పక్షి అది.

నీళ్ళా, పిట్టా?

కడపలో ఈ తగవు నిజంగానే వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి వుండే పొదల మీదికి సాగింది. పక్షి ప్రేమికులు అభ్యంతరం చెప్పారు. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘం దాకా వెళ్ళింది. చివరికి కాలువ దారి మళ్ళించారు. రాయలసీమకు నీళ్ళ విలువ ఎవరూ చెప్పనక్కర లేదు, అందులోనూ మూడు కరువులు చూసిన వాళ్ళకు. కాని కాలువకు రెండో దారి దొరికింది. ఆ పిట్టకు రెండో దేశం లేదు. ఆ తగవు తీరిన పద్ధతిలో నేర్చుకోవలసింది అదేననిపిస్తుంది.

2009 ప్రాంతం తరువాత కడపలో కూడా కలివికోడి జాడ దొరకలేదు. మళ్ళీ పాత నిరాశే మొదలయింది. అంతలో, 2025 ఆగస్టులో, రాయలసీమలో కొందరు పక్షి పరిశీలకులకు ఆ కూత మళ్ళీ చిక్కిందని వార్త వచ్చింది. పక్షి దొరికింది ముందు చెవికి! పదహారేళ్ళ తరువాత పలికిన పిట్ట, పెన్నకు ఎగువన పెనుకొండలో పలకదని నేను పందెం కాయలేను.

మీలో ఎవరైనా ఆ వైపు వెళితే ఒక్క సాయంత్రం దీనికి కేటాయించండి. లేపాక్షి చూడండి, ధర్మవరం చీరలు కొనండి, అది ఎలాగూ తప్పదు. కాని పొద్దు కుంకే వేళకు ఏ స్థానికుణ్ణో తోడు తీసుకొని పొదల అంచున కూర్చోండి. లైట్లు వేసి పొదలు తొక్కవద్దు. సెల్లులో కూత పెట్టి పక్షిని మోసగించవద్దు. గుడ్లు పెట్టే కాలంలో అది బెదిరితే గూడు వదలిపోవచ్చు. ఊరికే వినండి. ఏమైనా వినిపిస్తే వేళ, చోటు రాసుకొని అటవీ శాఖ వారికి చెప్పండి. కాపరులతో, నేతగాళ్ళతో, రాత్రి చేలకు కాపలా పడుకునే వాళ్ళతో మాట్లాడండి. ఆ పక్షిని మొదట పేరు పెట్టి పిలిచింది వాళ్ళు, మళ్ళీ దొరికించింది వాళ్ళు.

అస్తమయం అయ్యాక ముప్పావు గంట. రెండు ముక్కల కూత. ఈ రెండూ గుర్తుంటే చాలు. రైల్లో ఎదుటి బెంచీ మీది పెద్దమనిషి “ఏముందండీ ఇక్కడ?” అని ఆవులించినప్పుడు, చెప్పడానికి మీ దగ్గర ఒక మాట వుంటుంది.